తాబేలు నేర్పిన గణితం

తెలుగులో ‘దిద్దడం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. గురువు పలకమీద రాసి ఇచ్చిన అక్షరంపై బాలుడు మళ్లీ మళ్లీ బలపం తిప్పడం దిద్దడమే. రాసినదానిలోని తప్పును సరిచేయడమూ దిద్దడమే. మొదటిది నేర్చుకోవడం, రెండోది సవరించుకోవడం. మన భాష ఈ రెండింటినీ ఒకే మాటలో ఇమిడ్చింది. కాని బడిలో చేరిన కొంతకాలానికే ఇవి విడిపోతాయి. నేర్చుకోవడం విద్యార్థి వంతు, తప్పులు దిద్దడం ఉపాధ్యాయుని ఎర్రసిరా వంతు అవుతాయి. ఎర్రగీత పడిన లెక్కను మళ్లీ తెరిచి, తప్పు ఎక్కడ జరిగిందో వెతికే విద్యార్థులు అరుదు. విడిపోయిన ఈ రెండింటినీ తిరిగి కలపడానికి జీవితాన్ని వెచ్చించిన గణితవేత్త సేమూర్ పాపర్ట్.

పాపర్ట్ 1928 ఫిబ్రవరి 29న దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా నగరంలో జన్మించారు. ఆయన తండ్రి కీటకశాస్త్రజ్ఞుడు. పసితనం నుంచీ పాపర్ట్‌కు మోటారు వాహనాల భాగాలంటే ఎంతో మక్కువ. ముఖ్యంగా పళ్లచక్రాలు ఆయనను ఆకర్షించాయి. ఒక చక్రం తిరిగితే దానితో కూడిన మరో చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో మనసులోనే ఊహించుకుంటూ ఆయన ఎక్కాలను అర్థం చేసుకున్నారు. బీజగణిత సమీకరణాలు ఎదురైనప్పుడు కూడా ఆ చక్రాలే ఆయనకు తోడు వచ్చాయి. తనకు ప్రియమైన వస్తువు ద్వారా నేర్చిన విద్య మనసులో నాటుకుపోతుందన్న సత్యం ఆయనకు ఆ విధంగా స్వానుభవంతో తెలిసింది.

జొహాన్నెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయంలో ఆయన తత్త్వశాస్త్రం, గణితం అభ్యసించి, 1952లో గణితంలో డాక్టరేట్ పొందారు. నాడు దక్షిణాఫ్రికాలో అమలులో ఉన్న వర్ణవివక్షను యౌవనంలోనే ఎదిరించారు. తరువాత ఇంగ్లండు వెళ్లి, 1959లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుంచి గణితంలోనే మరో డాక్టరేట్ అందుకున్నారు. 1958 నుంచి 1963 వరకు జెనీవాలో ప్రసిద్ధ మనోవిజ్ఞానవేత్త జీన్ పియాజేతో కలిసి పనిచేశారు. పిల్లలు ఖాళీ పాత్రలు కారనీ, తమ జ్ఞానాన్ని తామే నిర్మించుకుంటారనీ పియాజే ప్రతిపాదించిన భావన పాపర్ట్ జీవితానికి దారి చూపింది.

అటుపై ఆయన అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరారు. అక్కడ మార్విన్ మిన్‌స్కీతో కలిసి కృత్రిమ మేధపై పరిశోధనలు సాగించారు. వారిద్దరూ రచించిన ‘పర్‌సెప్ట్రాన్స్’ గ్రంథం 1969లో వెలువడింది. ఆ రోజుల్లో కంప్యూటరు గదినిండా పట్టే యంత్రం. దాని ధర లక్షల డాలర్లలో ఉండేది. అటువంటి యంత్రాన్ని పిల్లల చేతికి ఇవ్వాలని పాపర్ట్ తలపోశారు. విన్నవారికి అది వింతగా తోచింది. అయినా ఆయన వెనుకాడలేదు.

కృత్రిమ మేధ పరిశోధకులు అప్పుడు లిస్ప్ అనే కంప్యూటరు భాషను వాడేవారు. జాన్ మెకార్తీ 1958లో దానికి రూపకల్పన చేశారు. అందులో ఒక ఆదేశం తనను తానే తిరిగి పిలుచుకోగలదు. చిన్న చిన్న ఆదేశాలను కూర్చి పెద్ద ఆదేశాన్ని నిర్మించవచ్చు. అయితే లెక్కకు మిక్కిలి కుండలీకరణాలతో నిండిన ఆ భాష పిల్లలకు కొరుకుడు పడేది కాదు. అందుచేత 1967లో పాపర్ట్, వాలీ ఫ్యూర్జైగ్, సింథియా సాలమన్ మొదలైనవారు లిస్ప్ నుంచే ఒక సులభమైన భాషను రూపొందించారు. మాట అని అర్థమిచ్చే గ్రీకు పదం ఆధారంగా దానికి ‘లోగో’ అని పేరు పెట్టారు.

కొద్దికాలానికి ఆ భాషకు ఒక తాబేలు తోడైంది. మొదట అది నేలపై కదిలే చిన్న యంత్రం. తరువాత తెరపై కదిలే బొమ్మగా మారింది. దానికి ఒక స్థానం, ఒక దిశ ఉంటాయి. ‘ఫార్వర్డ్ 100’ అంటే నూరు అడుగులు ముందుకు నడుస్తుంది. ‘రైట్ 90’ అంటే నిలిచినచోటనే కుడికి తొంబై డిగ్రీలు తిరుగుతుంది. నడిచినంతమేర గీత గీస్తుంది. ఒక అడుగు వేసి ఒక డిగ్రీ తిరగడం అనే పనిని 360 మార్లు చేయమంటే తెరపై వృత్తం కనిపిస్తుంది. నిజానికి అది 360 భుజాల బహుభుజి. కంటికి మాత్రం వృత్తమే. సమీకరణమేదీ తెలియని పిల్లవాడు కూడా తాను గుండ్రంగా నడిచి చూసి ఈ సంగతి కనుగొనగలడు.

తాబేలు చెప్పినట్లే చేస్తుంది. మనం అనుకున్నట్లు చేయదు. పాపర్ట్ విద్యాసిద్ధాంతానికి ఆయువుపట్టు ఇదే. ఒక బాలిక నాలుగు రేకుల పువ్వు గీయదలచిందని అనుకుందాం. ఆమె మొదట వృత్తంలో నాలుగో వంతు గీసే ఆదేశం రాసింది. దాన్ని రెండుమార్లు వాడితే రేకు వస్తుందని భావించింది. కాని తెరపై అర్ధవృత్తం వచ్చింది. తాబేలు రేకు కొనవద్ద మలుపు తిరగకుండా అదే వంపులో సాగిపోయిందని ఆమె గ్రహించి, రెండు చాపాల నడుమ తొంబై డిగ్రీల మలుపును చేర్చింది. ఇప్పుడు రేకు చక్కగా వచ్చింది. ఒక్కొక్క రేకు తరువాత తొంబై డిగ్రీలు తిరుగుతూ నాలుగు రేకులు గీయమని ఆదేశించింది. చిత్రంగా ఒక్క రేకే కనిపించింది!

మిగిలిన మూడు రేకులు ఏమయ్యాయి? ఆమె తానే తాబేలై గదిలో నడిచి చూసింది. మొదటి చాపంలో తొంబై, కొనవద్ద తొంబై, రెండో చాపంలో తొంబై. మొత్తం 270 డిగ్రీలు తిరిగింది. తాబేలు బయలుదేరిన చోటికి వచ్చింది గాని బయలుదేరిన దిశకు రాలేదు. దానికి మరో తొంబై కలిసేసరికి 360 అయి, మొదటి దిశకే తిరిగి, అదే రేకును నాలుగుమార్లు ఒకదానిపై ఒకటి గీసింది. రేకు చివర మరో తొంబై డిగ్రీలు తిప్పగానే నాలుగు రేకులూ విచ్చుకున్నాయి. పువ్వు ఒకేసారి వచ్చి ఉంటే ఆమెకు బొమ్మ మాత్రమే దక్కేది. రాకపోవడం వల్ల, ఆకృతి చుట్టూ తిరిగి మొదటి స్థానానికి, మొదటి దిశకు చేరిన తాబేలు తిరిగిన కోణాల మొత్తం 360కి గుణిజమే అవుతుందన్న సూత్రం దక్కింది.

ప్రోగ్రాములోని దోషాన్ని ‘బగ్’ అనీ, దాన్ని వెతికి సవరించడాన్ని ‘డీబగ్గింగ్’ అనీ అంటారు. బగ్ అంటే పురుగు. తండ్రి పురుగులను పరిశీలిస్తే, కుమారుడు ఈ కొత్తరకం పురుగులను పిల్లలకు మిత్రులుగా చేశారు. ఒక ప్రోగ్రాము విషయంలో తప్పా ఒప్పా అని తీర్పు చెప్పడం కన్న, దాన్ని ఎలా సరిదిద్దవచ్చో ఆలోచించడమే ముఖ్యమని ఆయన బోధించారు. తన గురించి తాను కూడా విద్యార్థి అదే విధంగా ఆలోచించాలని ఆకాంక్షించారు. 1980లో వెలువడిన ‘మైండ్‌స్టార్మ్స్’ గ్రంథంలో ఈ భావాలను విపులీకరించారు.

విమర్శలు రాకపోలేదు. లోగో నేర్చినంత మాత్రాన పిల్లలకు ఇతర విషయాల్లో ప్రణాళికాశక్తి పెరగడం లేదని 1980ల నాటి కొన్ని అధ్యయనాలు తేల్చాయి. కంప్యూటరును ఔషధంలా భావించి ఫలితాన్ని కొలవడం తగదనీ, దాని చుట్టూ ఏర్పడే అభ్యసన వాతావరణాన్ని చూడాలనీ పాపర్ట్ సమాధానమిచ్చారు. ఆ చర్చ అంతటితో ముగియలేదు. అయితే ఆయన నాటిన విత్తు మొలకెత్తింది. 1998లో వచ్చిన లెగో రోబో పరికరాలకు ఆయన గ్రంథం పేరే పెట్టారు. 2007లో విడుదలైన స్క్రాచ్ అనే పిల్లల ప్రోగ్రామింగ్ భాష ఆయన బాటలో రూపొందినదే.

2006 డిసెంబరులో గణితవిద్యా సదస్సు కోసం వియత్నాంలోని హనోయి వెళ్లినప్పుడు, వీధి దాటుతుండగా మోటారు సైకిలు ఢీకొని ఆయన మెదడుకు తీవ్రగాయమైంది. ప్రపంచానికి నేర్చుకోవడాన్ని నేర్పిన ఆ మేధావి మాటను కూడగట్టుకోవడానికి సైతం సుదీర్ఘకాలం శ్రమించవలసి వచ్చింది. 2016 జూలై 31న అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 88 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

గీసిన గీత వంకరపోయినప్పుడు పలక పక్కన పెట్టేయడం సులభం. వంకర ఎక్కడ మొదలైందో వెతకడం విద్య. తప్పును దాచుకొనేవాడు అక్కడే ఆగిపోతాడు. దిద్దుకొనేవాడు అడుగు ముందుకు వేస్తాడు. పాపర్ట్ తాబేలు నిదానంగా నడుస్తూ నేర్పే పాఠం ఇదే.