విలియం రోవాన్ హామిల్టన్

విలియం రోవాన్ హామిల్టన్ (ఆగష్టు 4, 1805 - సెప్టెంబరు 2, 1865) ఐర్లాండుకు చెందిన సుప్రసిద్ధ గణిత, భౌతిక శాస్త్రవేత్త. ఈయన డబ్లిన్ నగరంలో జన్మించాడు. కళాశాలలో చేరకముందే, గ్రహగతులపై లాప్లాస్ రచించిన గ్రంథంలో ఒక దోషాన్ని కనుగొన్నాడు. 1823లో డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో ప్రవేశించాడు. 1827లో, ఇంకా పట్టభద్రుడు కాకముందే, అక్కడే ఖగోళశాస్త్ర ఆచార్యుడిగా నియమితుడయ్యాడు. జీవితాంతం డన్‌సింక్ వేధశాలలో నివసించినా, నక్షత్ర పరిశీలన కన్నా గణితంపైనే ఈయనకు మక్కువ ఎక్కువ.

న్యూటన్ గతిశాస్త్రం బలాలతో మొదలవుతుంది. హామిల్టన్ 1834, 1835 సంవత్సరాలలో వెలువరించిన వ్యాసాలలో వేరొక మార్గం చూపాడు. వ్యవస్థ శక్తిని స్థానం, ద్రవ్యవేగాల ప్రమేయంగా వ్రాసి, దాని నుండే చలన సమీకరణాలను రాబట్టాడు. ఆ ప్రమేయానికి హామిల్టోనియన్ అని పేరు. ఈయన మరణించిన ఆరు దశాబ్దాలకు, పరమాణువుల విషయంలో న్యూటన్ నియమాలు చాలనప్పుడు, క్వాంటం సిద్ధాంతానికి ఈ ప్రమేయమే ఆధారమైంది. డిగ్రీ స్థాయిలో గతిశాస్త్రం చదివే విద్యార్థులు ఈ పద్ధతిని నేర్చుకోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.