పక్క సబ్జెక్టుతో వజ్రం దాకా: సూరి భగవంతం



మీ అబ్బాయో అమ్మాయో ఇంజినీరింగ్‌లో చేరాక ఒక రోజు ఇంటికొచ్చి అడగొచ్చు: మెకానికల్‌తోనో ఎలక్ట్రానిక్స్‌తోనో పాటు మెటీరియల్ సైన్స్‌ను మైనర్‌గా తీసుకోనా అని. మైనర్ అంటే డిగ్రీకి కావాల్సిన క్రెడిట్లు కాక సాధారణంగా మరో 18 నుంచి 20 క్రెడిట్లు చదవాలి. ఉన్న చదువే తలకు మించిపోతుంటే ఇదెందుకు, ప్లేస్‌మెంట్‌కు పనికొస్తుందా అని మీకు అనిపించడం సహజం. జవాబు చెప్పే ముందు ఈ జీవితం ఒకసారి చదవండి. ఆయన చదివిన నిజాం కాలేజీ మనకు దగ్గరే. గాంధీనగర్ నుంచి నారాయణగూడ, హిమాయత్‌నగర్ మీదుగా వెళ్తే బషీర్‌బాగ్‌లో కనిపిస్తుంది.

సూరి భగవంతం గారు 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. నిజాం కాలేజీ అప్పట్లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. అక్కడ భౌతిక శాస్త్రంలో బీఎస్సీ పూర్తి చేసి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. రామన్ ప్రభావం బయటపడిన సంవత్సరం అదే. ఒక పదార్థం మీద కాంతి పడి చెదిరినప్పుడు అందులో కొద్ది భాగం రంగు మారుతుంది. ఆ మార్పును బట్టి లోపలి అణువులు ఎలా కంపిస్తున్నాయో తెలుస్తుంది. భగవంతం గారు వజ్రం మీద కూడా ఈ పరిశోధన చేశారు.

తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరారు. అసలు కథ అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది. స్ఫటికంలో ఏ కంపనం కాంతిలో కనిపిస్తుంది, ఏది కనిపించదు? ఇది ప్రయోగంతో మాత్రమే తేలే సంగతిగా లేదు. దానికి గ్రూప్ థియరీ అనే గణితం కావాలి. అప్పట్లో చాలామంది భౌతిక శాస్త్రవేత్తలకే అది తలనొప్పి. భగవంతం గారు గణితం తెలిసిన టి. వెంకటరాయుడు గారితో కలిసి దాన్ని పట్టుకున్నారు. 1939లో ఇద్దరి పేర్లతో పరిశోధన పత్రం వచ్చింది, 1948లో పుస్తకం వచ్చింది. మైనర్ అనే మాట ఆ రోజుల్లో లేదు కానీ, చేసిన పని అలాంటిదే.

ఆ గణితం ఏం చేస్తుందో మీ వాకిట్లో ముగ్గే చెబుతుంది. చతురస్రపు ముగ్గును పావు వంతు తిప్పి చూస్తే మళ్లీ అలాగే ఉంటుంది. అంటే ఒక మూల చూస్తే చాలు, మిగతా మూడూ తెలిసిపోతాయి. స్ఫటికమూ అంతే. ఒక ఘనపదార్థాన్ని నొక్కితే ఎంత వంగుతుందో పూర్తిగా చెప్పాలంటే, సౌష్ఠవం అతి తక్కువగా ఉన్న స్ఫటికానికి 21 స్థిరాంకాలు కొలవాలి. వజ్రం విషయంలో సౌష్ఠవం వల్ల ఆ 21 కాస్తా మూడుకు దిగుతాయి. ఆ మూడింటినీ జె. భీమసేనాచార్ గారితో కలిసి అల్ట్రాసోనిక్ తరంగాలతో కొలిచి, 1946లో ప్రచురించారు. తర్వాత వచ్చిన మెరుగైన పరికరాలు ఆ అంకెలను సవరించాయి. సైన్స్‌లో అది మామూలే.

మెటీరియల్ సైన్స్ మైనర్‌లో మీ పిల్లలు చదివేది ఇలాంటి సంగతులే. ఎలక్ట్రానిక్స్ అమ్మాయి రోజూ మాట్లాడే సిలికాన్ కూడా స్ఫటికమే, పైగా వజ్రం లాంటి అమరికే దానిది. మెకానికల్ అబ్బాయి గీసే షాఫ్ట్ ఏళ్ల తరబడి తిరిగి తిరిగి ఎందుకు విరుగుతుందో లోహం లోపలికి చూస్తే గానీ తెలియదు. అయితే బ్యాక్‌లాగ్‌లు ఉన్న పిల్లలకు మైనర్ వద్దు. ఇందులో మొహమాటపడాల్సిందేమీ లేదు. మెయిన్ సబ్జెక్టులో కుదురుకున్నాకే ఆ మాట. పక్కింటివాళ్లు తీసుకున్నారనీ తీసుకోకూడదు. సిలబస్ తెప్పించి, మీ సబ్జెక్టులో ఏ ప్రశ్నకు ఇది పనికొస్తుందని పిల్లల్నే అడగండి. వాళ్లు ఒక్క ప్రశ్నైనా చెప్పగలిగితే ఆలోచించవచ్చు.

భగవంతం గారు 1949లో ఉస్మానియాకు భౌతిక శాస్త్ర ఆచార్యుడిగా వచ్చారు. 1952 నుంచి 1957 దాకా అక్కడే వైస్ ఛాన్సలర్, తర్వాత బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్. 1961 నుంచి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. నేడు కంచన్‌బాగ్‌లో ఉన్న రక్షణ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్ఎల్ ఏర్పడింది 1963లో, అంటే ఆయన ఆ పదవిలో ఉండగానే. విమానాలకూ క్షిపణులకూ కావాల్సిన మిశ్రమ లోహాల మీద అక్కడ పని జరుగుతుంది.

1989లో ఆయన కన్నుమూశారు. పదవుల జాబితా కంటే నాకు ఎక్కువ నచ్చింది ఇంకొకటి ఉంది. ఢిల్లీలో రక్షణ శాఖ ఫైళ్లు చూస్తున్న ఆ రోజుల్లోనే, 1966లో, స్ఫటికాల సౌష్ఠవం మీదా వాటి భౌతిక ధర్మాల మీదా ఆయన మరో పుస్తకం తెచ్చారు. 32 స్ఫటిక తరగతుల్లో ఏ ధర్మానికి ఎన్ని స్థిరాంకాలు కావాలో అందులో లెక్కకట్టి చూపించారు.