హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు

శ్రీరామనవమి పందిళ్లలోను, వినాయకచవితి ఉత్సవములలోను రాత్రి భోజనములైన పిమ్మట చాపలు పరచుకొని కూర్చుండి, తెల్లవారుజాము వరకు హరికథ వినుట తెలుగు పల్లెలలో తరతరములుగా వచ్చిన అలవాటు. అక్షరము రానివారి చెవిని భాగవత భారత కథలు పడినవి చాలవరకు ఈ విధముగనే. కాళ్లకు గజ్జెలు, చేత చిరుతలు, మెడలో పూలదండ ధరించి భాగవతులు వేదిక నెక్కగానే ఇది మన ఊరి ముచ్చటయే యని ప్రతివారును అనుకొందురు. ఈ కళ ఎన్ని దేశములు తిరిగి, ఎన్ని భాషల సొమ్మును మూటగట్టుకొని మన పందిరికి వచ్చి చేరినదో విచారించినచో ఆశ్చర్యము కలుగక మానదు. ఆ సొమ్మునంతయు కరగించి తెలుగు నగగా మలచిన మహనీయుడు ఆదిభట్ల నారాయణదాసుగారు.

దాసుగారు 1864వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన బొబ్బిలికి చేరువనున్న అజ్జాడ గ్రామమున జన్మించిరి. తల్లి నరసమ్మగారు, తండ్రి వేంకటచయనులుగారు. తలిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. బాల్యమునుండియు ఏకసంథాగ్రాహి. ఐదేండ్ల ప్రాయమున తల్లితో దేవాలయమునకు పోయినప్పుడు, ఒక పుస్తకాల అంగడిలో భాగవతమును చూచి, కొనిపెట్టుమని పట్టుబట్టెనట. ఇంత పసివానికి భాగవతమెందుకని అంగడివాడు నవ్వెను. వెంటనే బాలుడు భాగవత పద్యములను వరుసగా చదువసాగెను. అంగడివాడు నివ్వెరపోయి, పుస్తకమును ఊరకే ఇచ్చుటయేగాక పైగా కొంత డబ్బును చేతబెట్టి పంపినాడని చెప్పుదురు. పుస్తకము కొరకు పద్యమును మూల్యముగా చెల్లించిన ఈ బాలుని కథ గ్రంథాలయమునకు వచ్చు పిల్లలందరును వినదగినది.

అన్నగారు ఆంగ్ల విద్య నిమిత్తము ఆయనను విజయనగరము తీసికొనిపోయిరి. ఆ చదువు సాగినచో ఏ కచేరీలోనో మంచి ఉద్యోగము లభించియుండెడిది. కాని 1883లో చెన్నపట్టణమునుండి కుప్పుస్వామినాయుడుగారను భాగవతులు విజయనగరమునకు వచ్చి హరికథ చెప్పిరి. పందొమ్మిదేండ్ల యువకుడు అది విని, తన దారి ఇదియేనని నిశ్చయించుకొనెను. పాటయు, పద్యమును, నాట్యమును, మాటనేర్పును ఒక్క మనిషియందే కలిసి వెలయుటకు తగిన కళ ఆయనకు మరియొకటి కనబడలేదు.

ఆ దినమున ఆయన చెవిని పడిన కళయొక్క పుట్టుపూర్వములను ఇచట కొంచెము చెప్పవలసియున్నది. మహారాష్ట్రమున భక్తులు సాధుసంతుల అభంగములను పాడుచు, నడుమ నడుమ కథ చెప్పు పద్ధతిని కీర్తనమందురు. 1676 మొదలు 1855 వరకు తంజావూరు మరాఠా రాజుల ఏలుబడిలో నుండుటచే ఆ కీర్తనకారులు అచటికి వచ్చుచుండిరి. పందొమ్మిదవ శతాబ్దమున తంజావూరు కృష్ణభాగవతారుగారు ఆ మరాఠీ పద్ధతిని దక్షిణాది సంగీతముతో మేళవించి ఒక కొత్త బాణీని ఏర్పరచిరి. సాకీ, దిండీ మొదలైన మరాఠీ ఛందస్సులు అందులో అట్లే నిలిచినవి. తమిళుల నడుమ మరాఠీ మట్లు, వాని ప్రక్కనే త్యాగరాజస్వామివారి తెలుగు కృతులు, శ్లోకముల రూపమున సంస్కృతము! నాలుగు భాషలవారు ఒక్క వేదిక ముందు కూర్చుండి తలలూపిరి.

ఈ సంపదను ఉన్నదున్నట్లు తెచ్చుకొన్నను దాసుగారికి పేరు వచ్చియుండెడిది. తెలుగున అంతకు ముందు హరికథలు లేకపోలేదు. కాని ఆయన ఎరువు సొమ్ముతో తృప్తిపడువారు కారు. ఆ ఏడే ధ్రువచరిత్రమును స్వయముగా రచించి విజయనగరమున గానము చేసిరి. అటుపిమ్మట అంబరీషము, గజేంద్రమోక్షము, రుక్మిణీకల్యాణము, సావిత్రీచరిత్రము, జానకీశపథము, యథార్థరామాయణము మొదలుగా ఎన్నియో వెలువడినవి. మరాఠీ ఛందస్సులుండవలసిన చోట మన యక్షగానపు దరువును, ద్విపదను, మంజరిని, రగడను నిలిపిరి. కందమును, సీసమును రాగయుక్తముగా చదివి అర్థము చెప్పిరి. కర్ణాటక రాగములు ఆయనకు ఉగ్గుపాలు. ఆనందగజపతి మహారాజుగారి ఆస్థానమునకు వచ్చు హిందూస్థానీ గాయకుల బాణీని కూడ ఆయన విడిచిపెట్టలేదు. 90 రాగములతో ఒక్క మాలికనే కూర్చిరనిన ఆ పాండిత్యమును ఊహించుకొనవచ్చును. రెండు చేతులు, రెండు పాదములు, శిరస్సు, ఈ ఐదింటితో ఐదు తాళములను ఒక్కసారి నడపించి సభలను ముగ్ధులను గావించెడివారు. ఇట్టి కఠినవిద్యను చూపిన మరుక్షణముననే పొలము గట్టున వినవచ్చు మాటతో హాస్యమాడి రైతులను నవ్వించెడివారట. మైసూరు ఆస్థానము మొదలు గంజాము సీమ వరకు ఆయన కంఠము వినబడినది.

ఆయన రచన కొన్ని తావుల మిక్కిలి కఠినమన్న మాట వాస్తవము. సంస్కృత సమాసములు ఒక వైపు, నిఘంటువు లేనిదే కొరుకుడుపడని అచ్చతెనుగు మాటలు మరియొక వైపు. పుస్తకమున చదివినప్పుడు పాఠకుడు తడబడును. కాని అవి చదువుటకు వ్రాసినవి కావు. అభినయము, రాగము, వ్యాఖ్యానము తోడైనప్పుడు తెలియని పదమును కూడ శ్రోత పోల్చుకొనుచుండెను. ఇక పరభాషలనిన ఆయనకు ఎంత మక్కువయో చెప్పనలవికాదు. పారసీక భాష నేర్చి, ఉమరు ఖయ్యాము రుబాయీలను మూలమునుండియు, ఫిట్జెరాల్డు ఆంగ్లానువాదమునుండియు సంస్కృతమునకును అచ్చతెనుగునకును మార్చి 1932లో ప్రకటించిరి. నవరసతరంగిణిలో కాళిదాసును, షేక్స్పియరును ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టి ఇరువురిచేతను తెలుగు పలికించిరి.

1919లో విజయరామగజపతి మహారాజుగారు విజయనగరమున సంగీత పాఠశాలను నెలకొల్పిరి. కొలువులోని ఒక ఉద్యోగి అంధుడైన తన కుమారునికి సంగీతము చెప్పించుటకు సహాయము కోరగా, ఒక్క బాలునికి ఏల, అందరికిని ఉపయోగపడునట్లు బడియే పెట్టుదమని రాజుగారు తలచిరని ప్రసిద్ధి. ఆ పాఠశాలకు తొలి అధ్యక్షులు దాసుగారే. ద్వారం వేంకటస్వామినాయుడుగారు వయొలిను ఆచార్యులై చేరిరి. పడమటి దేశపు వాద్యమైన వయొలిను ఆ మహానుభావుని చేతిలో ఎంతగా మనదైపోయినదో తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. 1936లో దాసుగారి అనంతరము పాఠశాల భారమును నాయుడుగారే స్వీకరించిరి. ఈ బడిలో చదువుకొనుటకై కృష్ణాజిల్లానుండి వచ్చిన ఒక పేద బాలుడు జోలె పట్టి ఇంటింట అన్నము తెచ్చుకొని తినుచు, పట్రాయని సీతారామశాస్త్రిగారి యొద్ద గానము నేర్చెను. అతడే ఘంటసాల వేంకటేశ్వరరావుగారు. హరికథ వినుటకు వేచియున్న పందిట్లో అంతవరకు ధ్వనివర్ధకము మీద మ్రోగిన సినిమా పాటలు అనేకము ఆయన కంఠమునుండి వెలువడినవే.

నారాయణదాసుగారు 1945 జనవరి 2వ తేదీన పరమపదించిరి. పిమ్మట చలనచిత్రము, రేడియో, అటుపై దూరదర్శనము రాగా రాత్రియంతయు కూర్చుండి కథ విను ఓపిక ఊళ్లలో సన్నగిల్లినది. ఒకప్పుడు నవమికి తొమ్మిది దినములును హరికథ జరిగిన చోట ఒక్క దినముతో సరిపెట్టుకొనువారు పెక్కురు. గోదావరి తీరమందలి కపిలేశ్వరపురమున 1973లో ఒక హరికథా పాఠశాల స్థాపితమైనది. అచట బాలికలు చిరుతలు పట్టి, గజ్జె కట్టి, కథ చెప్పుట నేర్చిరి. అందు శిక్షణ పొందిన భాగవతారిణులు తెలుగునాట ఊరూర తిరిగి కథాగానము చేయుచు, దాసుగారి దరువులను పాడుచున్నారు.