స్కాలర్‌షిప్ తిరిగి ఇచ్చిన విద్యార్థిని - మేడమ్ మేరీ క్యూరీ



ట్రంకు పెట్టె మీద పుస్తకం పెట్టుకొని, స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తూ మేము కూడా ఈ హాస్టల్లోనే చదువుకున్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటి వాళ్ళం మేమే. ఇప్పుడు పీజీ చేస్తున్నాం. ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు మాకు మేరీ క్యూరీ గుర్తుకు వచ్చింది. రెండు నోబెల్ బహుమతులు పొందిన శాస్త్రవేత్తగా ఆమె మనందరికీ తెలుసు. కానీ ఆమె చదువుకూ పరిశోధనకూ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో మన పాఠ్యపుస్తకాల్లో ఉండదు. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాం.

మేరీ 1867 నవంబర్ 7న పోలండ్‌లోని వార్సా నగరంలో పుట్టింది. అప్పుడు ఆ ప్రాంతం రష్యా జార్ పాలనలో ఉండేది. తండ్రి భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు. ఆమెకు పదేళ్ళున్నప్పుడు తల్లి క్షయవ్యాధితో చనిపోయింది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు ప్రవేశం లేదు. అందుకని మేరీ, అక్క బ్రోన్యా కలిసి ఒక ఒప్పందం చేసుకున్నారు. ముందు అక్క పారిస్ వెళ్ళి వైద్యం చదవాలి, చెల్లెలు సంపాదించి డబ్బు పంపాలి. తరువాత అక్క చెల్లెలిని చదివించాలి. ఆ మాట ప్రకారం మేరీ పరాయి ఇళ్ళలో పిల్లలకు చదువు చెబుతూ కొన్నేళ్ళు గడిపింది. 1891లో ఇరవై నాలుగేళ్ళ వయసులో పారిస్ చేరింది.

అక్కడ మేడ మీద చిన్న గది. చలికాలంలో బొగ్గు కొనడానికి డబ్బు చాలేది కాదు. కడుపునిండా తినకుండానే చదివి 1893లో భౌతికశాస్త్రంలో మొదటి స్థానంలో నిలిచింది. ఇంకో ఏడాది చదవడానికి చేతిలో పైసా లేని సమయంలో స్వదేశం నుంచి 600 రూబుళ్ళ స్కాలర్‌షిప్ వచ్చింది. దానితో 1894లో గణితశాస్త్రం కూడా పూర్తి చేసింది.

ఆమెకు దొరికిన తొలి పరిశోధన పని పరిశ్రమల వైపు నుంచే వచ్చింది. ఫ్రాన్సులో జాతీయ పరిశ్రమల ప్రోత్సాహక సంఘం వివిధ రకాల ఉక్కుకు ఉండే అయస్కాంత గుణాలను పరిశీలించమని ఆమెకు పని అప్పజెప్పింది. అలా వచ్చిన డబ్బు నుంచి కూడబెట్టి ఆ 600 రూబుళ్ళూ ఆమె తిరిగి పంపేసింది. అడిగిన వాళ్ళు లేరు, ఇవ్వాలన్న నిబంధన లేదు. తన చోట ఇంకో పేద విద్యార్థి చదవాలన్నదే ఆమె ఆలోచన.

1895లో పియరీ క్యూరీని పెళ్ళాడింది. 1898లో దంపతులిద్దరూ పొలోనియం, రేడియం కనుగొన్నారు. కారే కప్పు ఉన్న పాత షెడ్డులో టన్నుల కొద్దీ ఖనిజపు మడ్డిని ఉడికించి, వడగట్టి, 1902 నాటికి గ్రాములో పదోవంతు రేడియం ఉప్పు తీశారు. పేటెంటు తీసుకుంటే కోటీశ్వరులయ్యేవారు, కానీ తీసుకోలేదు. ఆ పద్ధతితోనే కంపెనీలు రేడియం తయారు చేసి అమ్ముకున్నాయి. ఆర్మే ద లీల్ అనే పారిశ్రామికవేత్త 1904లో పారిస్ దగ్గర రేడియం ఫ్యాక్టరీ పెట్టి, క్యూరీల పరిశోధనకు సహాయపడ్డాడు. 1906లో పియరీ బండి కింద పడి మరణించాడు. తరువాతి ఏడాది అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ ఇచ్చిన నిధితో మేరీ ప్రయోగశాలలో యువ పరిశోధకులకు స్కాలర్‌షిప్పులు ఏర్పడ్డాయి. ఆమె దగ్గర పనిచేసిన వారిలో నార్వేకు చెందిన ఎలెన్ గ్లెడిచ్, ఫ్రాన్సియం కనుగొన్న మార్గరీత్ పెరే వంటి మహిళలు ఎందరో ఉన్నారు.

రేడియం కిరణాలు క్యాన్సర్ కణాలను చంపుతాయని తెలిశాక, ముఖ్యంగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు అది గొప్ప ఆశ అయింది. పారిస్ రేడియం ఇన్‌స్టిట్యూట్‌లో ఒక భాగం మేరీది. రెండో భాగంలో డాక్టర్ క్లాడియస్ రెగో వైద్య పరిశోధన చేసేవాడు. సన్నని గొట్టాల్లో రేడియం ఉంచి గర్భాశయం లోపల అమర్చే చికిత్సా విధానం అక్కడే వృద్ధి చెందింది. కానీ రేడియం కనుగొన్న మేరీ ప్రయోగశాలలో ఉన్నదంతా సుమారు ఒక గ్రాము మాత్రమే. గ్రాము ధర అప్పట్లో లక్ష డాలర్లు!

ఈ సంగతి విని అమెరికా పత్రికా సంపాదకురాలు మేరీ మెలోనీ కదిలిపోయింది. పదిమంది ధనిక స్త్రీలు తలా పదివేల డాలర్లు ఇస్తే చాలనుకుంది, అది కుదరలేదు. అప్పుడు దేశంలోని సామాన్య స్త్రీలను అడిగింది. చిన్న చిన్న చందాలతో లక్ష డాలర్లు జమ అయ్యాయి. 1921 మే 20న అధ్యక్షుడు హార్డింగ్ ఆ గ్రామును మేరీకి బహూకరించాడు. ముందురోజు రాత్రి దానపత్రం చదివిన మేరీ ఒప్పుకోలేదు. అది తన పేరున ఉంటే తన తరువాత కుటుంబ ఆస్తి అవుతుంది కాబట్టి ప్రయోగశాలకే చెందాలని పట్టుబట్టింది. ఆ రాత్రే న్యాయవాదిని పిలిపించి పత్రం మార్పించింది.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. అదే కాలంలో అమెరికాలో గడియారాల ముళ్ళకు, అంకెలకు రేడియం రంగు పూసే ఫ్యాక్టరీల్లో కార్మిక యువతులు కుంచెను పెదవులతో మొన చేసుకునేవారు. అలా చేయమని వారికి నేర్పింది ఫ్యాక్టరీవాళ్ళే. వారి దవడ ఎముకలు కుళ్ళాయి, కొందరికి ఎముకల క్యాన్సర్ వచ్చింది. న్యూజెర్సీలో ఐదుగురు స్త్రీలు కోర్టుకెక్కితే 1928లో కంపెనీ రాజీకి వచ్చింది. స్త్రీల ప్రాణం నిలిపే పదార్థమే లాభం కోసం వాడినప్పుడు స్త్రీల ప్రాణం తీసింది. మేరీ కూడా ఆ కిరణాల ప్రమాదాన్ని చాలాకాలం తేలికగానే తీసుకుంది.

1929లో అమెరికా స్త్రీలు మళ్ళీ 50,000 డాలర్లు ఇచ్చారు. ఈసారి రేడియం ఆమె పుట్టిన ఊరికి వెళ్ళింది. 1932లో వార్సాలో ప్రారంభమైన రేడియం ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టర్ ఎవరనుకున్నారు? చెల్లెలు పంపిన డబ్బుతో డాక్టరైన ఆ అక్క బ్రోన్యాయే! 1934 జూలై 4న రక్తహీనతకు సంబంధించిన వ్యాధితో మేరీ కన్నుమూసింది. ఏళ్ళ తరబడి కిరణాల మధ్య పనిచేయడమే దానికి కారణమని చెబుతారు.

ఇప్పుడు రేడియం బదులు ఇరిడియం, కోబాల్ట్ వాడుతున్నారు. కానీ లోపలి నుంచి కిరణాలు ఇచ్చే ఆ చికిత్స మన ఆసుపత్రుల్లో నేటికీ ఉంది. మా ఊళ్ళో ఒక పెద్దమ్మ సిగ్గుపడి ఏడాదిపాటు తన బాధ ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి ఆలస్యమైపోయింది. మిత్రులారా, సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మతో, అక్కలతో ఈ జబ్బు గురించి మాట్లాడండి. పరీక్ష చేయిస్తే ముందే పట్టుకోవచ్చని, ఆడపిల్లలకు టీకా ఉందని చెప్పండి.

మనం తిన్న మెస్ అన్నం, మనకు వచ్చిన స్కాలర్‌షిప్ ఎవరో తెలియని వారి కష్టం. దాన్ని తిరిగి కట్టమని మనల్ని ఎవరూ అడగరు. అయినా మా మొదటి జీతంలో ఈ హాస్టల్ తమ్ముడొకడి పరీక్ష ఫీజు ఉంటుందని ఈ సంచిక సాక్షిగా మాట ఇస్తున్నాం. ముందే ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు మాకంటే ముందే మొదలుపెడితే మరీ సంతోషం.