రాబర్టు పియరీ: కీర్తియు, ఋణమును

ఉత్తర ధ్రువమనగానే లోకమునకు స్ఫురించు పేరులలో రాబర్టు పియరీ పేరొకటి. 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించి, పసితనముననే తండ్రిని గోల్పోయి, తల్లి పెంపకమున విద్యావంతుడై, నౌకాదళమున ఇంజనీరుగా కుదిరిన యాతడు ఇరువది సంవత్సరములకు పైగా మంచుసీమలతో పోరాడెను. 1899లో చలికి కాలివ్రేళ్లు పెక్కు పోయినను వెనుదీయలేదు. ఆ పట్టుదల శ్లాఘనీయమే.

అయిన నా కీర్తికి పునాదులు వేసినదెవరు? వాయవ్య గ్రీన్లాండులోని ఇనుఘుయిట్ జనులు. చర్మవస్త్రములు కుట్టినవారు, కుక్కబండ్లు తోలినవారు, వేటాడి తిండి సమకూర్చినవారు వారే. వారి సీమలో ఆకాశమునుండి పడిన యినుప రాళ్లుండెను. తరతరములుగా వానినుండి ముక్కలు కొట్టి కత్తులును, ఈటె మొనలును చేసికొనిరి. 1894లో స్థానికుడొకడు దారిచూపగా పియరీ వానిని చూచెను. 1895లో రెండింటిని, 1897లో 31 టన్నుల పెద్దరాతిని ఓడనెక్కించి న్యూయార్కునకు గొనిపోయెను. పిదప అచ్చటి ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాల వానిని 40,000 డాలర్లకు కొనెను.

1897 నాటి యోడలో రాతితోపాటు ఆరుగురు ఇనుఘుయిట్‌లును వచ్చిరి. పియరీ వారిని ప్రదర్శనశాల కప్పగించెను. ఏడాది తిరుగకుండ నలుగురు రోగముచే మరణించిరి. వారిలో కిసుక్ అను వానికి మినిక్ అను చిన్న కుమారుడుండెను. బాలుని యూరడించుటకై ప్రదర్శనశాల వారు బూటకపు ఖననము జరిపి, తండ్రి యస్థిపంజరమును తమ సేకరణలో నుంచుకొనిరి. పెరిగి పెద్దవాడగుచుండగా మినిక్ నిజమెరిగి తండ్రి యస్థికల నిమ్మని వేడెను, వారియ్యలేదు.

1909 ఏప్రిల్ 6న హెన్సను అను నల్లజాతి సహచరునితోడను, నలుగురు ఇనుఘుయిట్‌లతోడను ధ్రువము చేరితినని పియరీ ప్రకటించెను. అతడు నిజముగా అచ్చట కాలు మోపెనా యన్నది పండితులలో వివాదాస్పదముగనే నిలిచినది. 1911లో రియర్ అడ్మిరల్ హోదా లభించెను. 1920లో ఘనమైన గౌరవముల నడుమ దివంగతుడయ్యెను. మినిక్ 1909లో స్వదేశము చేరెను గాని అప్పటికి మాతృభాషయే మరచియుండెను. మరల అమెరికాకు వచ్చి 1918లో విషజ్వరముచే మరణించెను.

1993లో ఆ నలుగురి యస్థికలు గ్రీన్లాండునకు మరలి కానాక్ గ్రామమున భూస్థాపితములయ్యెను. రాయి మాత్రము న్యూయార్కుననే యున్నది. నేడు పరిశోధకులు పాత చిట్టాలను, ఉత్తరములను వెదకుచు, ఏ వస్తువు ఎవరి చేతినుండి ఎట్లు వచ్చెనో తేల్చుచున్నారు. పియరీ ధైర్యము తగ్గించుట వారి యుద్దేశము కాదు. లెక్కలో మినిక్ వంటివారి పేర్లు గూడ చేర్చనిదే ఆ జీవితకథ పూర్తి కానేరదు.