కూలితో పాటు మాటకీ విలువ

ఉద్యోగమంటే నెలాఖరుకి చేతికొచ్చే జీతమేనా? పనిచేసే చోట మర్యాద, భద్రత, మన గోడు వినే దిక్కు అక్కర్లేదా? పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ళకైనా, బ్యాంకు కౌంటరులో కూర్చునే అమ్మాయికైనా ఇవి కావలసిందే కదా! పని జీవితపు నాణ్యత అంటూ విశ్వవిద్యాలయాల్లో పరిశోధిస్తున్నది దీని గురించే. ఆ పేరు ప్రచారంలోకి రాకముందే ఈ సంగతి పట్టించుకున్నవారు మన వరాహగిరి వెంకటగిరి.

ఆయన 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న ప్లీడరు. కొడుకు కూడా 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. అక్కడి స్వాతంత్ర్య పోరాటం మనసుకి పట్టింది. 1916 తిరుగుబాటు తర్వాత ఐర్లండు విడిచి రావలసి వచ్చింది. బరంపురంలో పెట్టిన ప్లీడరీని గాంధీగారి పిలుపుతో వదిలేశారు, జైలుకీ వెళ్ళారు.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మీదుగా పోయే రైలు ఆ రోజుల్లో బెంగాల్ నాగపూర్ కంపెనీది. ఆ కంపెనీ కార్మికులకు సంఘం కట్టి, పని పోయినవాళ్ళ కోసం 1928లో అహింసాయుతంగా సమ్మె నడిపారు. అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్యను నిలబెట్టినవారిలోనూ ఆయనొకరు. ఆయనిలా ఊళ్ళు పట్టి తిరుగుతుంటే ఇల్లూ, పిల్లలూ భార్య సరస్వతీబాయి గారి మీదే కదా!

1937లో మద్రాసు ప్రభుత్వాన్ని ఏలిన బొబ్బిలి రాజానే ఎన్నికల్లో ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మికశాఖ చూశారు. 1952లో శ్రీకాకుళం జిల్లా పాతపట్నం నుంచి లోక్‌సభకెళ్ళి కేంద్ర కార్మికమంత్రి అయ్యారు. తగాదా వస్తే కోర్టుల చుట్టూ తిరగడం కాదు, యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలని ఆయన వాదన. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేసింది. ఆయన మంత్రి పదవికి రాజీనామా ఇచ్చేశారు.

1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. ఇద్దరిని ఎన్నుకునే ఆ నియోజకవర్గంలో రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే దక్కాయి. ఇది చెల్లదని ఆయన వేసిన కేసు 1959లో సుప్రీంకోర్టులోనూ నిలవలేదు. ఓడిన ఆ ఏడాదే కార్మిక ఆర్థికశాస్త్ర పండితులు పెట్టుకున్న జాతీయ సంఘానికి తొలి అధ్యక్షులయ్యారు. కార్మిక సమస్యల మీద ఆయన రాసిన పుస్తకాలను విద్యార్థులు చదువుకున్నారు.

1969లో రాష్ట్రపతి అయ్యారు. 1974 మే నెలలో దేశమంతా రైళ్ళు ఆగిపోయాయి. సమ్మెలో ముందున్నది ఒకప్పుడు ఆయన నిలబెట్టిన సమాఖ్యే. వేలమందిని జైళ్ళలో పెట్టారు, ఎందరికో ఉద్యోగాలు పోయాయి. అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది గిరిగారే! బ్యాంకు గుమస్తాల కోసం పదవి వదులుకున్న మనిషి జీవితంలో ఇది మింగుడుపడని ఘట్టం. రాష్ట్రపతి కుర్చీ ఎంత ఎత్తయినదో, అంత చేతులు కట్టేసేదీనేమో!

1975లో భారతరత్న అందుకున్నారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. 1974లోనే పని మొదలుపెట్టిన జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. పనిచేసేవాళ్ళ బతుకుల మీద అక్కడ పరిశోధనలు జరుగుతున్నాయి. ఎంత పరిశోధించినా, మొదట అడగాల్సిన ప్రశ్న గిరిగారు వేసిందే: ఈ పని చేస్తున్న మనిషిని ఎవరైనా ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడారా? జీడిపిక్కల బట్టీలోనైనా, బ్యాంకులోనైనా, ఆమాటకొస్తే మన వంటింట్లోనైనా!