అరవై ఏడేళ్ల అమ్మమ్మ నడక

అమెరికాలోని ఒహాయోలో రైతు ఇల్లాలు ఎమ్మా గేట్‌వుడ్ (1887-1973)కి 11 మంది పిల్లలు. పొలంపని, ఇంటిచాకిరీ, పైగా భర్త చేతి దెబ్బలు. 1941లో విడాకులు తీసుకుంది. పిల్లలంతా పెద్దయ్యాక, పొడవైన అపలేచియన్ కొండదారిని ఒంటరిగా నడవాలనుకుంది. 1954లో దారితప్పి, కళ్లజోడు పగిలి, ఇంటికి తిరిగొచ్చింది.

అయినా ఊరుకోలేదు. 1955 జనవరిలో ఇంటి చుట్టుపక్కలే నడక మొదలుపెట్టింది. కొద్దికొద్దిగా పెంచుకుంటూ ఏప్రిల్‌కల్లా రోజుకి 10 మైళ్లు నడిచేసేది. మే నెలలో, కాస్త నడిచొస్తానని పిల్లలకి చెప్పి బయల్దేరింది. కాళ్లకి కాన్వాసు బూట్లు, భుజాన తను కుట్టుకున్న గుడ్డసంచీ. 146 రోజుల్లో దాదాపు 3,300 కిలోమీటర్లు! ఒకే విడతలో ఆ దారంతా ఒంటరిగా నడిచిన తొలి మహిళ ఆమే. 1957లో మళ్లీ నడిచింది.

ఈ వయసులో మనకెందుకులే అనుకుంటున్నారా? ఆవిడ మొదలెట్టిందీ ఇంటి చుట్టూ నడకతోనే మరి!